కాలిగోళ్లు ఎవరు తీయాలి? బ్రిటన్‌లో తేలని పాత తగువు

ఇల్లు కదలలేని వృద్ధుల కాలిగోళ్లు తీయడం వైద్యమా, ఇంటిపనా? బ్రిటన్‌లో పాదసంరక్షణ సేవల మీద జరిగే ప్రతి గొడవా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. దీనికి ఒక్కో ప్రభుత్వం ఒక్కో జవాబు చెప్పింది. ఎవరి జవాబైనా ఎక్కువగా ఆ ఏడాది బడ్జెట్‌ను బట్టే ఉండేదని నా అనుమానం.

ఆనెకాయలు కోసేవాళ్లు అక్కడ వందల ఏళ్లుగా ఉన్నారు. సంతల్లో తిరిగేవాళ్లూ ఉండేవారు, రాజకుటుంబానికి సేవ చేసినవాళ్లూ ఉండేవారు. విక్టోరియా రాణి పాదాలు చూసిన లూయిస్ డర్లాకర్ 1845లోనే ఆనెకాయలు, గోళ్ల జబ్బుల మీద గ్రంథం రాశాడు. ఇంత ఉన్నా కైరోపొడిస్టులకు, అంటే పాదవైద్యులకు, ఒక సంఘమంటూ ఏర్పడింది 1912లో. మరుసటి ఏడాది లండన్‌లో పేదల కోసం ఒక పాదాల క్లినిక్ తెరిచారు. తర్వాత సంఘాలు చీలిపోయాయి. మళ్లీ కలవడానికి 1945 దాకా పట్టింది.

అందుకే 1948 జులై 5న ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ నేషనల్ హెల్త్ సర్వీస్ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలైనప్పుడు వీళ్ల గొంతు పెద్దగా వినిపించలేదు. కొత్త వ్యవస్థ మొదట్లో కళ్లద్దాలు, కట్టుడు పళ్లు కూడా ఉచితంగా ఇచ్చింది. పాదాల దగ్గరికి వచ్చేసరికి చేయి బిగించింది. కొన్ని ఆసుపత్రుల్లో తప్ప మిగతాచోట్ల ముసలివాళ్లకు వృద్ధుల సంక్షేమ కమిటీల వంటి స్వచ్ఛంద సంస్థలే దిక్కయ్యాయి.

1959లో ఆరోగ్యశాఖ కొంచెం తలుపు తెరిచింది. స్థానిక సంస్థలు కైరోపొడీ (పాదవైద్యం) సేవలు నడపవచ్చని, వృద్ధులకు, వికలాంగులకు, గర్భిణులకు ముందు చోటివ్వాలని చెప్పింది. ఇది అనుమతే తప్ప ఆదేశం కాదు. దాంతో ఒక కౌంటీలో బాగా నడిచిన సేవ పక్క కౌంటీలో నామమాత్రంగా మిగిలింది. ఇంటికి వెళ్లి చూడటమైతే మరీ ఖరీదు. క్లినిక్‌లో నలుగురైదుగురిని చూసే సమయం దారిలోనే పోతుంది. వెళ్లాక వెలుతురు చాలదు, కుర్చీ ఎత్తు సరిపోదు. రోగులనే బండిలో క్లినిక్‌కు తెప్పించడం చవక కాబట్టి, నిజంగా ఎవరు ఇల్లు కదలలేరన్నది తేల్చడమే పెద్ద పని అయింది.

1960 చట్టంతో కైరోపొడిస్టుల పేర్లు నమోదు చేసే రిజిస్టర్ వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేయాలంటే అందులో పేరుండాలి. బయట మాత్రం ఎవరైనా కైరోపొడిస్టునని బోర్డు పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటును చట్టం మూసేయడం 2003లో గానీ మొదలవలేదు. 1974 పునర్వ్యవస్థీకరణలో ఈ సేవలు స్థానిక సంస్థల చేతుల్లోంచి ఎన్‌హెచ్‌ఎస్‌లోకి వచ్చాయి. క్యూలు మాత్రం తగ్గలేదు.

అసలు మలుపు షుగర్ జబ్బు తెచ్చింది. మధుమేహం వల్ల కాళ్లు తీసేయాల్సి రావడాన్ని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని 1989లో ఇటలీలోని సెయింట్ విన్సెంట్‌లో ఐరోపా దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. లక్ష్యం మంచిదే, తప్పుపట్టేదేమీ లేదు. కానీ పాదవైద్యుల సమయం అటు మళ్లింది. పాదం మీద నాడి కొట్టుకుంటోందా అని వేలితో చూస్తారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగను అరికాలికి ఆనించి, తగిలిందా అని అడుగుతారు. రెండూ బాగుంటే ప్రమాదం తక్కువన్నట్టే. షుగర్ రోగుల కోసం వచ్చిన ఈ కొలబద్ద క్రమంగా అందరికీ వర్తించింది. 1990ల నుంచి ‘ప్రమాదం తక్కువ’ అని తేలిన వృద్ధులను చాలా ప్రాంతాల్లో జాబితా నుంచి తీసేస్తూ వచ్చారు.

ఎనభై అయిదేళ్ల మనిషికి రక్తప్రసరణ భేషుగ్గా ఉండొచ్చు. నడుము వంగదు, చూపు ఆనదు, కీళ్లవాతంతో కట్టర్ నొక్కే బలం చేతికి ఉండదు. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే మందమై, పొట్టేలు కొమ్ములా వంకర తిరిగి పక్క వేలిలో గుచ్చుకుంటుంది. ఆ మనిషి నొప్పి నైలాన్ తీగకు అందదు.

2009లో ఆరోగ్యశాఖే పాదసంరక్షణను పడిపోవడాల నివారణతో ముడిపెట్టి మార్గదర్శకాలు ఇచ్చింది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, పాదాల నొప్పితో బాధపడే వృద్ధులకు చెప్పుల సలహా, వ్యాయామాలు, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు కలిపి ఇస్తే పడిపోవడం 36 శాతం తగ్గింది. గోళ్లు తీసినంత మాత్రాన ఇంత ఫలితం వస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. ప్రచారంలో ఈ తేడా ఎవరూ పట్టించుకోరనుకోండి.

ఇప్పుడు ఆ ఖాళీని చాలావరకు వృద్ధుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఏజ్ యూకే శాఖల వంటివి రుసుము తీసుకుని పూడుస్తున్నాయి. షుగర్ ఉన్నవాళ్లను, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లను వాటిలో చాలా శాఖలు తీసుకోవు. ఆ మందులు వాడుతూ పాదాలు బాగున్న మనిషిని ఎన్‌హెచ్‌ఎస్ కూడా వద్దనవచ్చు. ఇక మిగిలింది ప్రైవేటు పాదవైద్యుడు. ఇంటికి రావాలంటే అదనపు రుసుము. రోజూ ఇంటికొచ్చి స్నానం చేయించి, సాక్సులు తొడిగే సంరక్షకురాలు ఉన్నా లాభం లేదు. కాలిగోళ్లు కత్తిరించకూడదని, ఇలాంటివాళ్లను పంపే చాలా ఏజెన్సీల నిబంధన. ఆకురాయితో రుద్దడం వరకే ఒప్పుకుంటారు.