మ్యాప్‌లో జిల్లా పేరు మారితే మీ దస్తావేజుకు ఏమీ కాదు

డిజిటల్ మ్యాపుల డేటా సరిచేయడం నా పని. ఏ జిల్లా పేరు మారినా నాకు వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న: "మ్యాప్‌లో కొత్త పేరు వచ్చేసింది, మా పాత కాగితాలు ఇక చెల్లవటగా?"

చెల్లుతాయి. హనుమకొండలో ఒక ఇల్లే తీసుకోండి. 2016 అక్టోబరుకు ముందు రాసిన దస్తావేజులో వరంగల్ జిల్లా అని ఉంటుంది. తర్వాత రాసిన దాంట్లో వరంగల్ అర్బన్, 2021 ఆగస్టు నుంచి హనుమకొండ. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. ఆస్తిని గుర్తుపట్టేది ఊరు, సర్వే నంబరు, ఇంటి నంబరు, నాలుగు హద్దులతో. జిల్లా పేరు మారినంత మాత్రాన రిజిస్టరైన పత్రం రద్దు కాదు. మా బంధువుల్లో ఒక పెద్దావిడ, పెన్షన్ మీద బతికే మనిషి, "పేరు మార్పిడి చేయిస్తా" అన్న బ్రోకరుకు డబ్బు కట్టేశాక నాకు ఫోన్ చేసింది. ఆమెను ఏమనగలం? ఉన్నది ఆ ఒక్క ఇల్లే. ఆ భయాన్ని వాట్సాప్‌లో పుట్టించేవాళ్ల మీదే నా కోపమంతా. అనుమానం ఉంటే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీసి చూసుకోండి. మ్యాప్ స్క్రీన్‌షాట్ ఎవరికీ హక్కు ఇవ్వదు, ఎవరి హక్కూ తీసేయదు.

పాత పేరు చెరిగిపోతుందన్నదీ అపోహే. ఎవరైనా సరిదిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పాత పేరు రాసిపెట్టడానికి విడిగా ట్యాగ్ ఉంటుంది. అలహాబాద్ అని వెతికినా ప్రయాగ్‌రాజ్ దొరికేది ఇలాంటి ఏర్పాటు వల్లే. ఒక యాప్‌లో పేరు ముందు మారి, ఇంకోదాంట్లో ఆలస్యమైతే అందులో కుట్రేమీ లేదు, ఎవరి అప్‌డేట్ వాళ్లది.

ప్రపంచమంతా ఒకే మ్యాప్ చూస్తుందనుకోకండి. 2025 ఫిబ్రవరి నుంచి గూగుల్ మ్యాప్స్‌లో ఒకే సముద్రం అమెరికాలో గల్ఫ్ ఆఫ్ అమెరికా, మెక్సికోలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో, మిగతా దేశాల్లో రెండు పేర్లూ. జమ్మూకశ్మీర్ సరిహద్దు మన దగ్గర తెరిస్తే గట్టి గీత, బయటి దేశాల్లో చుక్కల గీత. అమెరికా నుంచి పిల్లలు పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఇక్కడ టెన్షన్ పడేవాళ్లు ఇది గమనించాలి. కేంద్ర ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పటానికి విరుద్ధంగా భారతదేశ పటం ప్రచురిస్తే ఇక్కడి చట్టం ప్రకారం నేరం, అందుకే ఆ తేడా.

సాలూరు వైపు కొఠియా గ్రామాలు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. దాన్ని ఏ యాప్ గీతా తేల్చదు. "గూగుల్ ఫలానా రాష్ట్రానికి ఇచ్చేసింది" అని దయచేసి ఫార్వర్డ్ చేయకండి, ఆ ఊళ్లలో మనుషులు ఉన్నారు. పేరో గీతో తప్పుగా కనిపిస్తే యాప్‌లోనే రిపోర్ట్ చేయండి. గెజిట్ నంబరు, తేదీ కూడా రాస్తే సరిచూడటం మాకు సులువు.