పసిపిల్లల టీచరు: శిక్షణ ఒక దారి, ఉద్యోగం ఇంకో దారి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు టీచరు కావాలనుకునే అమ్మాయికి మన దగ్గర కనిపించే దారులు ఒకదానితో ఒకటి పొసగవు. తెలంగాణలో డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల డీపీఎస్‌ఈ, అంటే ప్రీస్కూల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చదవొచ్చు. చదివాక ఆ డిప్లొమా పేరుతో ప్రభుత్వ బడిలో రెగ్యులర్ టీచరు పోస్టు దొరకడం దాదాపు లేదు. ఏ శిక్షణా లేకుండానే దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు టీచరుగా చేరిపోవచ్చు. అంగన్‌వాడీ నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ చాలాకాలంగా ముందు చూసేది పెళ్లయిందా, అదే ఊళ్లో ఉంటుందా అన్నది. పిల్లలతో ఎలా పనిచేస్తుందన్నది ఆ తర్వాతి సంగతి.

అంగన్‌వాడీలో చేరిన రోజు నుంచి ఊరంతా ఆమెను టీచరమ్మ అనే పిలుస్తుంది. చేతికి వచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. పిలుపుకీ కాగితానికీ మధ్య ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో పసిపిల్లల చదువు మొదలైనప్పుడు టీచరు శిక్షణను ఎవరూ చిన్న విషయంగా చూడలేదు. వకీలు పని మానేసి చదువుల వైపు వచ్చిన గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో దక్షిణామూర్తి సంస్థ తరఫున బాలమందిరం తెరిచారు. అయిదేళ్లు తిరక్కుండానే, 1925లో, అక్కడే టీచర్ల కోసం అధ్యాపన మందిరం పెట్టారు. పిల్లల బడి పక్కనే టీచర్ల బడి ఉండాలన్నది ఆయన పద్ధతి. నేర్చుకునేవాళ్లు రోజూ పిల్లల మధ్య కూర్చుని, ఏ పిల్లవాడు దేనితో ఎంతసేపు ఆడుతున్నాడో, ఎక్కడ విసుగు పడుతున్నాడో చూడాలి. 1926లో ఆయనా, తారాబాయి మోడక్ కలిసి నూతన బాల శిక్షణ సంఘం స్థాపించారు.

1939లో, పసిపిల్లల చదువుకు కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం తరఫున జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి దంపతులు ఆమెను ఆహ్వానించారు. అడయారులో పెట్టిన మొదటి కోర్సుకు దేశం నలుమూలల నుంచి సుమారు మూడు వందల మంది వచ్చారు. కొద్ది నెలలకే ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీ పౌరులు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం ఆమె కొడుకు మారియోను నిర్బంధ శిబిరానికి పంపి, ఆమె కదలికల మీదా ఆంక్షలు పెట్టింది. 1940 ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు కొడుకును విడిచిపెట్టారు. ఆమె 1946 దాకా ఇక్కడే ఉండి మద్రాసులోనూ, కొడైకెనాల్‌లోనూ, మరికొన్ని ఊళ్లలోనూ పనిచేశారు. పసిపిల్లల టీచరు అంటే ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన వృత్తి అన్న నమ్మకం మన దగ్గర గట్టిపడింది ఆ కోర్సులతోనే. కానీ అలా తయారైన టీచర్లలో ఎక్కువమంది పట్నాల్లో, ఫీజు కట్టగలిగిన కుటుంబాల పిల్లల దగ్గరే మిగిలిపోయారు. ఆ శిక్షణకు అయ్యే ఖర్చు, దానికి కావలసిన సామగ్రి రెండూ పల్లెకు అందేవి కావు.

పల్లెకు చేర్చే పని తారాబాయి మోడక్ భుజాన వేసుకున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం ఇదే. ఆమె 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెతో కలిశారు. పేద, ఆదివాసీ పిల్లలు బాలమందిరానికి రావడం లేదు. పెద్ద పిల్లలు పశువుల వెంట పోతారు, చిన్నవాళ్లను వాళ్లకంటే కాస్త పెద్దవాళ్లు ఎత్తుకుని తిరుగుతారు. అందుకే టీచరే గూడేనికి వెళ్లి, ఎవరిదో ఒకరి ఇంటి ముంగిట్లో పిల్లల్ని కూర్చోబెట్టడం మొదలైంది. అంగన్ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న పేరు అక్కడ పుట్టిందే. మాంటిస్సోరి సామగ్రి కొనే డబ్బు లేదు కాబట్టి గవ్వలు, గింజలు, గులకరాళ్లు, ఆకులు పాఠాలకు పనికొచ్చాయి. 1950ల్లో ఈ పని దగ్గర్లోని కోస్‌బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసుల మధ్యకు మారింది. ఖర్చు తగ్గించారు గానీ టీచరు శిక్షణను వాళ్లు తగ్గించలేదు. ఏ గింజతో ఏం నేర్పాలో తెలిసిన మనిషి లేకపోతే ఆ గింజలు ఎందుకూ పనికిరావని వాళ్లకు తెలుసు. తారాబాయికి 1962లో పద్మభూషణ్ వచ్చింది.

ఇదే కాలంలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. బోర్డు సాయంతో ఎన్నో పల్లెల్లో బాలవాడీలు, అంటే పసిపిల్లల బడులు వెలిశాయి. 1960ల్లో భారతీయ బాలల సంక్షేమ మండలి బాలసేవికలకు, అంటే అలాంటి చోట్ల పిల్లలతో పనిచేసేవాళ్లకు, దాదాపు ఏడాది పాటు శిక్షణ ఇచ్చేది. అంటే బీదపిల్లల టీచరుకూ ఏడాది శిక్షణ అవసరమని అప్పటికి మనం ఒప్పుకున్నట్టే. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన అధ్యయన బృందం కూడా బడికి ముందు వయసు పిల్లల ఆరోగ్యం, తిండి, చదువు విడదీయలేనివని నివేదిక ఇచ్చింది.

ఆ తర్వాత వచ్చిందే ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా కంబదూరు, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఆ మొదటి జాబితాలో ఉన్నాయి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, ప్రీస్కూల్ చదువు అన్నవి ఆరు సేవలు. వీటిలో టీకాలకూ వైద్య పరీక్షలకూ ఏఎన్‌ఎం (ఊళ్లకు వచ్చే ఆరోగ్య కార్యకర్త), డాక్టరు వస్తారు. వాళ్లు వచ్చే రోజుకు తల్లుల్నీ పిల్లల్నీ పోగుచేయడం దగ్గర నుంచి మిగిలిన పనంతా ఒక కార్యకర్త, ఒక ఆయా మీదే.

పసిపిల్లల కోసం ప్రపంచంలో ఇంత పెద్ద పథకం అరుదు, దాని విలువను తక్కువ చేయలేం. ఎంతోమంది పిల్లలు బతికి బట్టకట్టింది ఈ కేంద్రాల్లో దొరికిన తిండి వల్లే. కానీ ఇంత పెద్ద పథకాన్ని తక్కువ డబ్బుతో నడపడానికి ప్రభుత్వం పట్టుకున్న ఉపాయం మనిషి శ్రమకు ధర కట్టకపోవడం. కార్యకర్తను ఉద్యోగి అనలేదు, గౌరవ సేవ చేసే స్థానిక మహిళ అన్నారు. మొదట్లో మెట్రిక్ పాసైతే నెలకు 150 రూపాయలు, కాకపోతే 100. ఆయాకు 35. రోజులో కొన్ని గంటల పనే కదా, ఊళ్లోనే కదా, ఆడవాళ్లు ఇంట్లో పిల్లల్ని చూసుకున్నట్టే కదా అన్న ఆలోచన ఆ అంకెల వెనుక ఉంది. ఉద్యోగ శిక్షణ కూడా చివరికి 26 పనిదినాలకు కుదించుకుపోయింది. అందులోనే తూకాలు, రిజిస్టర్లు, టీకాలు, పోషణ, వాటితోపాటు పిల్లల చదువు. బాలసేవిక ఏడాది శిక్షణతో పోల్చుకుంటే ఏం పోయిందో తెలుస్తుంది.

పథకం ముంగిలి బడి పేరును తీసుకుంది, ఆ బడి నడిపిన టీచరు తయారీని తీసుకోలేదు. ఇప్పటి చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

తర్వాతి కాలంలో పని పెరిగింది. 2001లో ఆహార హక్కు కేసులో ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2006లో దేశంలో 14 లక్షల కేంద్రాలు తెరవాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలు ఇలా పెరుగుతూ వచ్చినవే. చదువు సంగతి మాత్రం వెనకబడింది. తూకాలూ గుడ్ల లెక్కలూ పైఅధికారులు అడుగుతారు, పిల్లవాడు కథ చెప్పగలుగుతున్నాడా అని ఎవరూ అడగరు. ఈలోగా ప్రైవేటు కాన్వెంట్లు వచ్చాయి. మూడేళ్ల పిల్లాడికి టై కట్టి ఏబీసీడీలు రాయిస్తే అదే చదువని తల్లిదండ్రులు నమ్మారు. అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు ఇచ్చే చోటన్న పేరు పడింది. ఆ కాన్వెంట్లలో టీచర్ల పరిస్థితి మెరుగ్గా ఉందా అంటే అదీ లేదు. 1995లో అమల్లోకి వచ్చిన ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) చట్టం ప్రకారం ప్రీస్కూల్ టీచర్ల శిక్షణకూ ప్రమాణాలు ఏర్పడ్డాయి. కానీ నర్సరీ తరగతికి శిక్షణ పొందిన టీచరునే పెట్టాలని పట్టుబట్టేవాళ్లు లేరు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే హక్కు ఇచ్చింది. అంతకంటే చిన్నవాళ్ల గురించి పదకొండో సెక్షన్‌లో, ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చు అని వదిలేసింది.

ఈ ఉద్యోగం ఏమిటన్న ప్రశ్న చివరికి కోర్టుల్లో తేలాల్సి వచ్చింది. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ సివిల్ పోస్టు కాదంది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో అదే కోర్టు వాళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఈ రెండో తీర్పును ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం పదకొండో సెక్షన్‌ను ప్రస్తావిస్తూ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలో జరిగే పని విద్యా బోధనే అని న్యాయమూర్తులు గుర్తించారు. ఊరు ఎప్పటినుంచో పిలుస్తున్న పిలుపును కోర్టు చట్టం భాషలో ఒప్పుకుంది.

డబ్బు దగ్గర కదలిక నెమ్మదిగా ఉంది. కేంద్రం 2018లో కార్యకర్తకు 4,500, ఆయాకు 2,250 రూపాయలు చేసింది. మిగతాది రాష్ట్రాలు కలుపుకోవాలి. అలా కలిపాక తెలంగాణలో టీచరుకు 13,650, ఆంధ్రప్రదేశ్‌లో 11,500 అయ్యాయి. వేతనం పెంచాలనీ గ్రాట్యుటీ ఇవ్వాలనీ 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం కింద పనికి రమ్మన్నది, ఉద్యోగులుగా గుర్తించని మనుషుల్నే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

2020 జాతీయ విద్యావిధానం చిన్నపిల్లల చదువును మొదటి మెట్టుగా చేసి, 2030 నాటికి అందరికీ అందాలంది. ఇంటర్, ఆపై చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. కేంద్రం 2022లో ఇచ్చిన అంగన్‌వాడీ మార్గదర్శకాల్లో కార్యకర్త కనీస అర్హత ఇంటర్ అయింది. 2023 మేలో పోషణ్ భీ పఢాయీ భీ (పోషణా, చదువూ) పేరుతో కొత్త శిక్షణ మొదలైంది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆధార్‌శిల అనే పాఠ్య ప్రణాళిక వచ్చింది. వారం వారం ఏ ఆటలు ఆడించాలో అందులో ఉంది, ఆటే చదువని స్పష్టంగా ఉంది. గిజుభాయి చూస్తే సంతోషించేవారు. కానీ 2023లో మొదలైన ఆ శిక్షణ కింద ఒక్కో కార్యకర్తకు అనుకున్నది మూడు రోజులు. విద్యావిధానంలో ఉన్న ఆరు నెలలకూ ఈ మూడు రోజులకూ మధ్య ఉన్న దూరాన్ని కొత్తగా చేరిన అమ్మాయి తన తొలి ఏడాదంతా ఒంటరిగా మోస్తుంది. పొద్దున కేంద్రం తెరవగానే హాజరు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు, సరుకుల కోసం వచ్చే తల్లుల ఫేస్ రికగ్నిషన్. సిగ్నల్ లేకపోతే టెన్షన్. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలోనే పాట, కథ, గింజల ఆట. పక్క ఊళ్లో అనుభవమున్న టీచరు ఎవరైనా చుట్టుపక్కల కేంద్రాల టీచర్లు కలిసే సెక్టార్ మీటింగులో దగ్గరకు తీసుకుంటే ఆమె అదృష్టం. అలాంటి పెద్దదిక్కును కొత్తవాళ్లకు ఏర్పాటు చేసే పద్ధతి ఇప్పటికీ లేదు. నా మటుకు డిప్లొమా కంటే ముందు కావలసింది అదే.

ప్రభుత్వ బడుల్లోనూ కదలిక వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కొన్నేళ్ల క్రితం పీపీ-1, పీపీ-2 అనే ప్రీప్రైమరీ తరగతులంటూ అంగన్‌వాడీలను ఫౌండేషన్ బడులతో కలిపింది. తెలంగాణ 2025-26లో కొన్ని వందల ప్రాథమిక పాఠశాలల్లో ప్రీప్రైమరీ తరగతులు మంజూరు చేసింది. తమ కేంద్రాలకు వచ్చే పిల్లలు అటు వెళ్లిపోతారని అంగన్‌వాడీ టీచర్లు ఆందోళనకు దిగారు. ఆ తరగతుల కోసం తీసుకుంటున్న వాళ్లను ఇన్‌స్ట్రక్టర్లు అంటున్నారు. ఇంటర్ పాసైన స్థానికులు అర్హులు, నియామకం విద్యా సంవత్సరానికే, ఇచ్చేది గౌరవ వేతనం.