ఎలుక అండాశయం, ఎంజైములు, హార్మోన్లు: అపోహలు - వాస్తవాలు

ఎలుకల అండాశయాల మీద పని మొదలుపెట్టే విద్యార్థుల నుంచి నేను తరచుగా వినే మాటలివి.

అపోహ: ఎంజైము కనిపించిందంటే హార్మోను తయారవుతున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది ఇదే. స్టెరాయిడ్ హార్మోన్ల తయారీలో పనిచేసే 3-బీటా-హెచ్‌ఎస్‌డి అనే ఎంజైము కోసం, గడ్డకట్టించిన అండాశయాన్ని క్రయోస్టాట్ అనే యంత్రంలో కోసిన పలుచని ముక్క మీద డీహెచ్‌ఈఏ (ఆ ఎంజైము మార్చే స్టెరాయిడ్), ఎన్‌ఏడీ (ఎంజైముకు తోడ్పడే అణువు), టెట్రజోలియం లవణం (రంగునిచ్చేది) కలిపిన ద్రావణం పోస్తాం. ఎంజైము పనిచేసే చోట నీలం రంగు తేలుతుంది. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ డీహెచ్‌ఈఏ ఎక్కడిది? మనం పోసిందే కదా! బతికున్న కణంలో అయితే ముందు స్టార్ (StAR) అనే ప్రోటీను, స్టెరాయిడ్ హార్మోన్లకు ముడిసరుకైన కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా లోపలికి చేర్చాలి, అక్కడ మరో ఎంజైము దాన్ని ప్రెగ్నెనలోన్ అనే తొలి స్టెరాయిడ్‌గా మార్చాలి. అవి జరగకపోతే నీలం రంగు ఆ కణానికున్న సామర్థ్యాన్నే చెబుతుంది, ఉత్పత్తిని కాదు. ఆండ్రోజన్‌ను (పురుష హార్మోనును) ఈస్ట్రోజన్‌గా (స్త్రీ హార్మోనుగా) మార్చే ఆరోమటేజ్ ఎంజైము సంగతీ అంతే. అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాల్లో అది ఎంత ఉన్నా, వాటి బయటి పొరలో పక్కనున్న థీకా కణాలు ఎల్‌హెచ్ (పిట్యూటరీ గ్రంథి హార్మోను) ప్రభావంతో ఆండ్రోజన్ అందించకపోతే ఈస్ట్రోజన్ పెద్దగా రాదు. అందుకే రంగుతో ఆగకుండా హార్మోనునూ కొలవమని పట్టుబడతాను.

అపోహ: ఈడు రాకముందు అండాశయం ఊరికే ఉంటుంది.

ఆడ ఎలుక పిల్లల రక్తంలో పుట్టిన రెండో వారంలోనే ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని ప్రేరేపించే పిట్యూటరీ హార్మోను) బాగా ఎక్కువగా ఉంటుంది. 3-4 వారాల వయసులో అండాశయంలో 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము చురుగ్గా పనిచేస్తూ ఆండ్రోజన్లను ఆండ్రోస్టేన్‌డయోల్ అనే మరో స్టెరాయిడ్ వైపు మళ్లిస్తుంది. అలా మళ్లిన వాటిని ఆరోమటేజ్ ఈస్ట్రోజన్‌గా మార్చలేదు. ఈడు దగ్గరపడేకొద్దీ 5-ఆల్ఫా రిడక్టేజ్ జోరు తగ్గుతుంది. అందువల్ల 3-4 వారాల వయసులో ఈస్ట్రడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్) ఒక్కటే కొలిస్తే అండాశయం ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది.

అపోహ: అండాశయం ఏర్పడటానికే ఈస్ట్రోజన్ కావాలి.

చుంచెలుకల్లో అలా కాదు. ఆరోమటేజ్ జన్యువు పనిచేయకుండా చేసినా అండాశయం ఏర్పడుతుంది. కాకపోతే అండం విడుదల కాదు, సంతానం కలగదు. వయసు పెరిగేకొద్దీ వృషణాల్లో ఉండే సెర్టోలీ కణాల్లాంటివి ఆ అండాశయంలో కనిపిస్తాయి! ఈ ఫలితం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఈస్ట్రోజన్ అవసరం అండాశయాన్ని పుట్టించడంలో కాదు, దాన్ని అండాశయంగా నిలిపి ఉంచడంలో.

అపోహ: ఎలుకలో చూసిందే మనిషికీ వర్తిస్తుంది.

ఎలుకల ఆల్ఫా-ఫీటోప్రోటీను (పిండం, పసిపిల్లల రక్తంలో ఉండే ప్రోటీను) ఈస్ట్రోజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది, మనిషిది అలా పట్టదు. పైగా ఎలుకలో ఆదిమ ఫాలికల్స్ (అపరిపక్వ అండం, దాన్ని చుట్టిన కణాలు కలిసిన తొలి దశ గుళికలు) చాలావరకు పుట్టిన తొలి రోజుల్లో ఏర్పడతాయి, మనిషిలో తల్లి కడుపులో ఉండగానే. కాబట్టి రెండు రోజుల ఎలుక పిల్ల అండాశయాన్ని పోల్చాల్సింది పుట్టిన పసిపాపతో కాదు, కడుపులో ఉన్న బిడ్డతో.