పంటి మత్తు గంటలకొద్దీ ఉంటే: అపోహలు - వాస్తవాలు

జ్ఞానదంతం తీసి పంపిన రోజు రాత్రి పేషెంట్ నుంచి ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు విషయం రెండింట్లో ఒకటి. "పెదవి ఇంకా మొద్దుగానే ఉంది డాక్టర్ గారూ, నరం ఏమైనా తెగిందా?" అని, లేదంటే "మత్తు దిగిపోయింది, నొప్పి తట్టుకోలేకపోతున్నా" అని. ఈ రెండు ఫోన్లూ చేయాల్సిన అవసరం మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆరు గంటలైనా మత్తు దిగలేదంటే ఏదో తేడా జరిగినట్టే.

ఏ మందు ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. మేం రోజూ వాడేది లిగ్నోకైన్. కింది దవడకు ఇస్తే పంటికి గంటసేపు, పెదవికి మూడు నుంచి ఐదు గంటలు పనిచేస్తుంది. ఎముక తొలిచి పన్ను తీయాల్సి వస్తే కొన్నిసార్లు బ్యుపివకైన్ ఇస్తాం. దానితో పంటికి గంటన్నర నుంచి మూడు గంటలు, పెదవికి తొమ్మిది గంటల దాకా తిమ్మిరి ఉంటుంది, కొందరికైతే పన్నెండు గంటలు కూడా పడుతుంది. ప్రొటీన్లకు అతుక్కునే గుణం లిగ్నోకైన్‌కు దాదాపు 65 శాతమైతే దీనికి 95 శాతం, కొవ్వులో కరిగే గుణమూ ఎక్కువే, అందుకే నరాన్ని పట్టుకుని అంత తొందరగా వదలదు. కాబట్టి పొద్దున పదకొండుకు ఇంజెక్షన్ వేయించుకుంటే రాత్రి ఎనిమిదికి పెదవి మొద్దుగా ఉండటంలో కంగారు పడాల్సింది లేదు. మర్నాడు పొద్దుటికీ అలాగే ఉంటే మాత్రం ఆగకుండా ఫోన్ చేయండి.

అపోహ: ఎక్కువసేపు ఉండేదే మంచి మందు, అన్నిటికీ అదే వేయాలి.

"ఎక్కువసేపు ఉండేది వేయండి" అని అడిగి మరీ వేయించుకునేవాళ్లున్నారు. చిన్న ఫిల్లింగ్‌కి అది అనవసరం. లిగ్నోకైన్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఎక్కితే బ్యుపివకైన్‌కు ఆరు నుంచి పది నిమిషాలు పడుతుంది. పై దవడలో పంటి పక్కన చిగుట్లో పొడిస్తే పంటికి ఎక్కువసేపు మత్తు ఉంటుందన్న భరోసా కూడా లేదు, దాని అసలు బలమంతా కింది దవడ నరానికి ఇచ్చినప్పుడే.

పిల్లల విషయంలో నేను అస్సలు ఒప్పుకోను. పన్నెండేళ్లలోపు వాళ్లకు వద్దని మందు వివరాల్లోనే ఉంటుంది. మొద్దుబారిన పెదవిని వాళ్లు ఆటగా కొరుక్కుంటారు, తెల్లారేసరికి అది వాచి పుండవుతుంది. పెద్దవాళ్లైనా సరే, మత్తు పూర్తిగా దిగేదాకా వేడి టీ తాగొద్దు, ఆ వైపు నమలొద్దు.

చీము పట్టిన పంటికి ఇదైతే బాగా ఎక్కుతుందనుకోవడం కూడా తప్పే. చీము ఉన్నచోట ఆమ్లం పెరుగుతుంది, అక్కడ ఏ మత్తు మందైనా సరిగా పనిచేయదు.

అపోహ: ఘాటు మందు కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు అడ్రినలిన్ ఎక్కువ పడుతుంది.

నిజానికి తక్కువే. రక్తనాళాలను బిగించి మత్తును ఎక్కువసేపు నిలపడానికి మత్తు మందులో అడ్రినలిన్ కలుపుతారు. మన దగ్గర లిగ్నోకైన్‌లో సాధారణంగా 80,000కి ఒక వంతు అడ్రినలిన్ ఉంటే, బ్యుపివకైన్‌లో 2,00,000కి ఒక వంతే. అసలు జాగ్రత్త బ్యుపివకైన్‌తోనే, ఎందుకంటే పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండె మీద పనిచేస్తుంది. అందుకే మందు వదిలేముందు సిరంజిని వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా ఒక సిట్టింగ్‌లో 90 మిల్లీగ్రాములు దాటకూడదు. బీపీ, గుండె జబ్బు, వాడుతున్న మాత్రలు ఏవైనా కుర్చీలో కూర్చునేముందే చెప్పండి.

అపోహ: మత్తు ఉంది కదా, నొప్పి వచ్చాక మాత్ర వేసుకోవచ్చు.

అన్నిట్లోకీ మనుషుల్ని ఎక్కువ బాధపెట్టేది ఇదే. మత్తు నొప్పిని తెలియనివ్వదు అంతే, లోపల వాపు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పెదవిలో చీమలు పాకినట్టు అనిపిస్తే మత్తు దిగడం మొదలైనట్టే, అప్పటికే మాత్ర కడుపులో ఉండాలి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా లాంటివి లేనివాళ్లకు ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి ఇస్తే బాగా పనిచేస్తాయి, డోసు మాత్రం మీ డాక్టర్ చెప్పినట్టే వేసుకోండి.

ఒకావిడ మాత్రలు పర్సులోనే దాచుకున్నారు, నొప్పి వస్తే వేసుకుందామని. రాత్రి పదింటికి మత్తు దిగింది. అప్పుడు వేసుకున్న మాత్ర పనిచేసేదాకా గంటకు పైగా ఏడుస్తూ కూర్చున్నారట. ఆవిడ చీటీలో 'నొప్పి ఉంటే' అని రాసింది నేనే. ఆ రోజు నుంచి ఆ రెండు ముక్కలు రాయడం మానేశాను, మొదటి మాత్ర ఎన్ని గంటలకో గడియారం చూసి టైమ్ రాస్తున్నాను.