నిద్రలేపితేనే చచ్చే క్రిమి

కడుపులో ఊరే ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ కాపురం పెట్టలేదని వైద్యులు చాలాకాలం నమ్మారు. అల్సర్ వస్తే దిగులు వల్లనో, కారం వల్లనో అనేవారు. 1982లో ఈస్టర్ సెలవులు అడ్డొచ్చి, ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని ఒక ల్యాబ్‌లో, రోగుల కడుపులోంచి తీసిన ముక్కల నుంచి బ్యాక్టీరియాను పెంచడానికి పెట్టి రెండు రోజులకే పారేయాల్సిన కల్చర్ ప్లేట్లు ఐదు రోజులు ఉండిపోయాయి. తీరా చూస్తే వాటిలో బ్యాక్టీరియా మొలిచింది. తర్వాత దానికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అని పేరు పడింది. రెండేళ్లకు, ఆ పరిశోధన చేస్తున్న వైద్యుడు బ్యారీ మార్షల్ ఆ బ్యాక్టీరియానే తాగి కడుపుమంట తెచ్చుకున్నాడు. ఆయనకీ, సహచరుడు రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. అల్సర్లే కాదు, కడుపు క్యాన్సర్‌కు కూడా ఇది కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది.

ఆమ్లంలో ఇదెలా బతుకుతోంది? దీని దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ దండిగా ఉంటుంది. కడుపులోని యూరియాను అది అమోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. అమోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది, దాంతో చిక్కటి జిగురు పొర కూడా పలచబడుతుంది. మెలికలు తిరిగిన ఈ బ్యాక్టీరియా మరచుట్టులా ఆ పొరలోకి దూరి దాక్కుంటుంది.

మందులున్నాయి. ఆమ్లం తగ్గించేది ఒకటి, క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌లు రెండు: ఈ మూడూ కలిపి రెండు వారాలు వాడితే ఒకప్పుడు చాలామందికి నయమయ్యేది. క్లారిత్రోమైసిన్ వెళ్లి బ్యాక్టీరియా రైబోజోమ్‌కు అతుక్కుని ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. ఆ అతుక్కునే చోట జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. ఏ గొంతునొప్పికో, దగ్గుకో వాడిన ఇదే జాతి మందులు అలా మారిన బ్యాక్టీరియాను ఏరి మరీ మిగిల్చాయి. క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు తప్పనిసరైన బ్యాక్టీరియాల జాబితాలో చేర్చింది. ఏ మందుకు లొంగుతుందో ముందే చూసుకోవచ్చు కదా అంటే, కల్చర్ కోసం ఎండోస్కోపీతో కడుపులోంచి ముక్క తీయాలి, నింపాదిగా పెరిగే బ్యాక్టీరియా కోసం రోజుల తరబడి ఆగాలి. అందుకే చాలాచోట్ల వైద్యం గుడ్డిగానే మొదలవుతుంది.

నా మటుకు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది కొత్త విషం కాదు, పాత అమాక్సిసిలిన్‌కే దొరికిన కొత్త బలం. ఆ మందు పనిచేసేది కణం చీలుతూ కొత్త గోడ కట్టుకుంటున్నప్పుడు. ఆమ్లం ఘాటుగా ఉన్నంతసేపూ పైలోరీ చీలడం మానేసి ముడుచుకుని కూర్చుంటుంది, మందు పక్కనుంచి పోతుంది. ఆమ్లం బాగా తగ్గితే మంచిరోజులొచ్చాయనుకుని చీలడం మొదలుపెడుతుంది. అప్పుడు దొరుకుతుంది.

ఆమ్లం తగ్గించే ఓమెప్రజోల్ లాంటి పాత మందులు కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే పంపుల్లో ఆ సమయానికి పనిచేస్తున్నవాటినే మూయగలవు. పైగా వాటి పూర్తి బలం తేలడానికి రోజులు పడుతుంది. జపాన్‌లో 2015 నుంచి వాడుకలో ఉన్న వోనోప్రజాన్ అనే మందు, ఆ పంపు నడవడానికి పొటాషియం వచ్చి కూర్చునే చోటునే ఆక్రమిస్తుంది కాబట్టి త్వరగా పట్టేస్తుంది, ఎక్కువసేపు వదలదు. అమెరికా, ఐరోపాల్లో జరిపిన ఒక పరీక్షలో క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరీ ఉన్నవారిని చూస్తే, పాత మూడు మందులతో నయమైంది సుమారు 32 శాతం మందికి. వోనోప్రజాన్, అమాక్సిసిలిన్ రెండే ఇస్తే సుమారు 70 శాతం మందికి. ఒక యాంటీబయాటిక్ తగ్గించి ఇంత సాధించడం చిన్న సంగతి కాదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకూ అంత మేర దెబ్బ తప్పుతుంది.

అసలు యూరియేజ్‌నే పట్టుకుంటే? దాన్ని ఆపే రసాయనాల కోసం వెతుకులాట సాగుతోంది. చైనాలో యూరియేజ్‌లోని ఒక భాగంతో నోటి టీకా చేసి 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఇచ్చారు. 2015లో ఫలితాలు వచ్చాయి: మొదటి ఏడాది రక్షణ సుమారు 72 శాతం, రెండో ఏటికి 55 శాతానికి జారింది.