పబ్బు మేడ మీద ఒక్క కుర్చీ

ఇంగ్లండులో జానపద బాణీలో సొంత పాటలు కట్టి పాడేవాళ్ళ కచేరీ చాలాసార్లు ఒంటరి వ్యవహారమే. పబ్బు మేడ మీద గది, ఒక కుర్చీ, ఒక గిటారు. పక్కవాద్యాలు ఉండవు. దీన్ని నిరాడంబరత అని మెచ్చుకుంటారు. కొంత నిజమే గానీ, ఆ పద్ధతి స్థిరపడటంలో డబ్బుకూ చట్టానికీ కూడా చెయ్యి ఉంది.

1950ల మధ్యలో గాయకుడు లోనీ డోనెగాన్ పాటలతో స్కిఫుల్ (అమెరికా జానపద పాటలను గిటారుతో, ఇంట్లో దొరికే వస్తువులతో వాయించే బాణీ) మోజు పుట్టి, కుర్రాళ్ళంతా గిటార్లు కొన్నారు. మోజు కొన్నేళ్ళకే చల్లారింది, గిటార్లు మిగిలాయి. ఫోక్ క్లబ్బులకు, అంటే జానపద పాటల క్లబ్బులకు, జనం వచ్చింది చాలావరకు అక్కణ్ణుంచే. క్లబ్బంటే సొంత భవనం కాదు, వారానికో రాత్రి పబ్బువాళ్ళిచ్చే గది. ముందు స్థానికులు తలా ఒకటి రెండు పాటలు పాడతారు, తర్వాత పిలిచిన గాయకుడు. తలుపు దగ్గర వసూలైందీ, లక్కీ డ్రా చీటీల మీద వచ్చిందీ కలిపి ఆయన చేతిలో పెడతారు. అందులోంచి నలుగురి బృందాన్ని ఎక్కడ పోషిస్తారు?

ఏం పాడాలన్న దాని మీదా గొడవలు నడిచాయి. 1961లో లండన్లో మొదలైన సింగర్స్ క్లబ్బులో ఎవరి నేల పాట వాళ్ళే పాడాలని పట్టుబట్టిన గాయకుడు ఇవాన్ మెకాల్, కొత్త పాటలు రాయడంలోనూ దిట్టే. 1965లో లండన్లోనే సోహో పేటలోని గ్రీక్ స్ట్రీట్‌లో, ఓ నేలమాళిగలో తెరిచిన ఫోక్ క్లబ్బు లే కజిన్స్‌లో అలాంటి పట్టింపు లేదు. తెల్లవార్లూ పాడేవాళ్ళు. రాయ్ హార్పర్ లాంటి వాళ్ళు అక్కడే తేలారు. ఆ చుట్టుపక్కల వినిపించిన డేవీ గ్రాహమ్ గిటారులో ఒకటి, రెండు, ఆరు తీగల శ్రుతి తగ్గించే పద్ధతిని వ్యాప్తి చేశాడు. వదిలేసిన తీగలు తంబూరాలా మోగుతుంటే, మిగతా తీగల మీద పాట నడుస్తుంది. అంటే పక్కవాద్యం గిటారులోకే వచ్చేసింది.

ఇక చట్టం. 1964 లైసెన్సింగ్ చట్టం ప్రకారం పబ్బులో ఒకరో ఇద్దరో పాడితే వేరే వినోద లైసెన్సు అక్కర్లేదు. మూడోవాడు చేరితే కావాలి. మన బుర్రకథ దళం వెళ్ళి ఉంటే, ఇద్దరు వంతలతో కలిపి ముగ్గురు కాబట్టి, చిక్కులో పడేది! కోరస్ అందుకున్న శ్రోతలనూ గాయకుల లెక్కలో వేయబోయిన స్థానిక కౌన్సిళ్ళున్నాయి.

2003 చట్టం ఈ మినహాయింపును ఎత్తేసింది. అది 2005 నవంబరులో అమల్లోకి వచ్చాక, ఒక్కడు గిటారుతో కచేరీ చేసినా అనుమతి కావాల్సి వచ్చింది. అదే పబ్బులో పెద్ద తెర మీద ఫుట్‌బాల్ ప్రసారానికి మాత్రం అక్కర్లేదు. మోరిస్ అనే ఇంగ్లండు జానపద నృత్యానికీ మినహాయింపు దొరికింది. పాటగాళ్ళకు ఒళ్ళు మండిందంటే మండదా మరి?

బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ సభ్యుడు టిమ్ క్లెమెంట్ జోన్స్ తెచ్చిన లైవ్ మ్యూజిక్ చట్టం 2012 అక్టోబరు 1న అమలైంది. మద్యం అమ్మే లైసెన్సున్న చోట, ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా, 200 మంది లోపు శ్రోతలుంటే మైకు పెట్టి పాడినా వేరే అనుమతి అక్కర్లేదు. మైకు లేకపోతే శ్రోతల సంఖ్యకు పరిమితే లేదు. 2015లో ఆ 200ను 500 చేశారు.

ఇప్పుడు వేదిక మీద ఎంతమందో ఎవరూ లెక్కపెట్టరు. అయినా ఆ మేడ గదుల్లో తలుపు దగ్గర వచ్చే డబ్బు ఇంకా ఒక్కరికే సరిపోతోంది. కుర్చీ ఒకటే వేస్తున్నారు.