కొకైన్ మానినోడు నాలుగు రోజులు నిద్రపోయినాడంటే నయమైనట్టు కాదు (అపోహలు - వాస్తవాలు)

"మేడమ్, వాడికి వణుకు లేదు, వాంతుల్లేవు, ఫిట్స్ రాలేదు. నాలుగు రోజులు పడి నిద్రపోయినాడు, ఇప్పుడు లేచి బాగా తింటా ఉండాడు. ఇంక తగ్గిపోయినట్టే కదా?"

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. తిరుపతిలో డీ-అడిక్షన్ కౌన్సెలర్‌గా చేస్తున్నా. మా దగ్గరికొచ్చేవి ఎక్కువ మందు కేసులే, కొకైన్ వాళ్లు తక్కువ, ఆ వచ్చేవాళ్లు కూడా బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తా అక్కడ అలవాటు చేసుకుని, చేతిలో డబ్బులైపోయినాక ఇంటికొచ్చే పిల్లోళ్లు. తాగుడు మానేటప్పుడు ఎట్లుంటుందో ఊర్లో అందరూ చూసుంటారు కాబట్టి దాంతోనే దీన్నీ కొలుస్తారు. అక్కడే కొంప మునుగుతోంది.

అపోహ: ఒంటికి ఏమీ కాలేదు కాబట్టి విత్‌డ్రాయల్ (అలవాటు మానినాక వచ్చే ఇబ్బందులు) లేదు, ఉన్నా వారంలో అయిపోయింది.

వాస్తవం: దీని విత్‌డ్రాయల్ ఒంటికంటే మనసులో ఎక్కువ. ఆఖరుసారి తీసుకున్న కొన్ని గంటలకే క్రాష్ మొదలవుతుంది, ఒళ్లు తెలీని నిద్ర, తెగ ఆకలి, నీరసం, దిగులు, పలకరిస్తే చిరాకు. ఆ నిద్ర బద్ధకం కాదు, నయమైనందుకు గుర్తూ కాదు. మెదడులో విడుదలైన డోపమైన్ (హుషారు, ఆనందం కలిగించే రసాయనం) మళ్లీ లోపలికి పోకుండా కొకైన్ అడ్డం పడుతుంది, నెలల తరబడి అట్లా జరిగితే మెదడు దానికే సర్దుకుపోతుంది, అందుకే మానినాక అమ్మ చేసిన రాగిసంకటి, క్రికెట్, అక్క బిడ్డ నవ్వు, ఏదీ మనసుకు ఎక్కదు. మళ్లీ తీసుకోవాలనే అసలు యావ చాలామందికి క్రాష్ అయినాకే గట్టిగా పట్టుకుంటుంది, వారాల తరబడి, కొందరికి రెండు నెలలు దాటినా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు కాపలా వదిలేస్తారు.

ఒక పిల్లోడి సంగతి చెప్తా (గుర్తుపట్టకుండా వివరాలు మార్చినా). మానిన ఆరో రోజు ఇంట్లోవాళ్లు కొండకి తీసుకుపోయి గుండు కొట్టించి మొక్కు తీర్చుకున్నారు. మొక్కు తప్పని నేననను, నేనూ అలిపిరి మెట్లెక్కి పోయేదాన్నే. కానీ ఇంక అయిపోయిందనుకుని పదో రోజు బెంగళూరు బస్సెక్కించినారు. పాత రూమ్, పాత ఫ్రెండ్స్, మూడో రోజుకి జీతం పడిన మెసేజ్, ఆ రాత్రే మళ్లీ మొదలు. వాళ్ల నాయన నా ముందు కూర్చుని "మా బిడ్డకి సిగ్గు లేదా మేడమ్" అని ఏడ్చినాడు. సిగ్గుతో పనిలేదు నాయనా, ఆ రూమ్, ఆ మెసేజ్ చూస్తేనే వాళ్లకి యావ లేస్తుంది అని చెప్పేసరికి నాకూ గొంతు పూడుకుపోయింది.

ఈ వారాల్లో పెద్ద ప్రమాదం ప్రాణం తీసుకోవాలనే ఆలోచన. "నేను బతికి ఏం లాభం" అంటే నాటకం అనద్దండి, దయచేసి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మానే ముందే చేసుకోవాల్సినవి ఉన్నాయి. కనీసం రెండు మూడు వారాలు సెలవు, ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పడం, అమ్మేవాళ్ల నంబర్లు తీసేసి సిమ్ మార్చడం, ఏటీఎం కార్డు, యూపీఐ అక్కకో భార్యకో అప్పజెప్పడం. యావ వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే అనుకోవాలి, అది అలలాగా ఎక్కి దిగుతుంది, చాలాసార్లు అరగంట కూడా ఉండదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. "బీరు తాగితే యావ తగ్గుతుంది" అనేది అబద్ధం, మందు పడితే పట్టు జారుతుంది, రెండూ కలిస్తే లివర్‌లో కోకాఇథిలీన్ అనే విష పదార్థం తయారై గుండెకి ఇంకా చేటు. కానీ రోజూ తాగే అలవాటు కూడా ఉంటే మందుని ఇంట్లో ఉన్నట్టుండి ఆపొద్దు, ఫిట్స్ రావొచ్చు, డాక్టర్ దగ్గరే ఆపాలి. "ఒక్క మాత్రతో మాన్పిస్తాం" అనేవాళ్లని నమ్మొద్దు, కొకైన్ యావకంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు, నిద్రకి, దిగులుకి డాక్టర్ ఇచ్చేవి వేరు, అసలు పని కౌన్సెలింగే. "ఆస్పత్రికి పోతే పోలీసులకి పట్టిస్తారు" అనేది ఇంకో భయం. చికిత్సకి వచ్చినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే చెప్తోంది, 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 64ఏ సెక్షన్ కూడా తనంతట తాను చికిత్సకి వచ్చే బాధితుడి కోసమే ఉంది.

ఆ పిల్లోడు రెండోసారి మానినాడు, ఈసారి ఇక్కడే ఉండి, కార్డు వాళ్లక్కకి ఇచ్చి. తొమ్మిదో వారంలో తెల్లారి ఐదింటికి ఫోన్ చేసి ఏడుస్తా ఉండాడు, కలలో తీసుకున్నాడంట, "మళ్లీ పోయినట్టేనా మేడమ్?" అని. కాదు నాయనా, మానినోళ్లకి ఆ కలలు వస్తాయి, కలలో తీసుకుంటే తీసుకున్నట్టు కాదు అని చెప్పి, ఫోన్ వాళ్లమ్మకి ఇమ్మని, పిల్లోడికి కాఫీ పెట్టివ్వమ్మా, తెల్లారేదాకా పక్కన కూర్చో అన్నా.